నాడీమండలము: నొప్పి యను కావలివాడు



చందూరు పొలములలో గట్టు చెక్కుచున్న యొక రైతు కాలికి తుమ్మముల్లు దిగినదనుకొనుడు. అతడు అబ్బా యని నోరు తెరచులోపలనే కాలు పైకి లేచియుండును. కాలెత్తుమని వానికెవరు చెప్పిరి? తానే చెప్పుకొనెనా? లేదు. ముల్లు దిగినదను సంగతి మెదడునకు తెలియకమునుపే కాలు లేచినది. ఈ చిన్న వింతను విప్పి చూచినచో నాడీమండలపు పని సగము తెలిసినట్లే. తక్కిన సగము తెలియుటకు మన నిజామాబాదు జిల్లాలోనే, డిచ్‌పల్లిలో, నూరేండ్లు పైబడిన చరిత్ర యొకటి కలదు. ఈ పూట ఆ రెండును మనవి చేసెదను.

ముందుగా ఒక మాటను సరిచూచుకొనవలెను. మనవారు నరమను పేరును మూడు నాలుగు వస్తువులకు వాడుదురు. ముంజేతిమీద నీలముగా కన్పించునది నరమందురు, అది రక్తనాళము. మడమ వెనుక బిగువుగా తగులునది నరమందురు. అది కండను ఎముకకు కట్టియుంచు స్నాయువు. వైద్యుడు మణికట్టు పట్టి చూచునది నాడి యందురు. అది నెత్తురు కొట్టుకొనుట. నేను చెప్పబోవు నాడి వీనిలో నేదియు గాదు. అది తెల్లని దారము వంటిది. దానిలో నెత్తురు పాఱదు. దానిలో పాఱునది వార్త.

మెదడును, దాని క్రింద వెన్నెముక గొట్టములో వ్రేలాడు వెన్నుపామును ఈ మండలమునకు నడిబొడ్డు. వెన్నుపాము ఎదిగిన మనిషిలో ఇంచుమించు 45 సెంటీమీటర్ల పొడవుండును. లావు చిటికెనవ్రేలికి మించదు. మెదడునుండి 12 జతలు, వెన్నుపామునుండి 31 జతలు నాడులు వెలువడి, చీలి, మఱల చీలి, చర్మములో సూదిమొన మోపు చోటనెల్ల ఏదో యొక తంతువు ఉండునట్లు అల్లుకొనియుండును. నిజాంసాగరు పెద్దకాలువనుండి ఉపకాలువలు, వానినుండి పిల్లకాలువలు, తుదకు మడిలోనికి నీరు పోవు బోదె వఱకు చూచినవారికి ఈ యమరిక క్రొత్త గాదు. కాని పోలిక యొకచోట చెడును. కాలువలో నీరు ఎగువనుండి దిగువకే పోవును. నాడిలో రెండు విధములైన తంతువులు ప్రక్కప్రక్కనే యుండును. ఒకటి చర్మమునుండి లోనికి వార్త తెచ్చును. దానిని జ్ఞానతంతు వందురు. రెండవది లోపలినుండి కండకు ఆజ్ఞ కొనిపోవును, అది చేష్టాతంతువు. తెచ్చునది తెచ్చుటే, కొనిపోవునది కొనిపోవుటే. ఒకటి రెండవదాని పని చేయదు. ఒక్కొక్క తంతువు కంటికానని సన్నము. అయినను నడుమునుండి కాలి బొటనవ్రేలి వఱకు పోవు తంతువు మీటరుకు దగ్గఱగా పొడవుండును. అంతయు నొక్క కణమే. మెదడులో నిట్టి కణములు సుమారు 8600 కోట్లు కలవని నేటి శాస్త్రజ్ఞులు లెక్కించిరి.

వార్త ఎట్లు పోవును? తంతువు వెలుపల సోడియ మెక్కువ. అది మన కూరలో పడు ఉప్పులోనిదే. తంతువు లోపల పొటాసియ మెక్కువ. నడుమ నున్న సన్నని పొరలో తూములవంటి ద్వారములు గలవు. ముల్లు తగిలినచోట తూము తెరచుకొని సోడియము లోనికి చొరబడును. దాని విద్యుత్తు సోకి ప్రక్క తూము తెరచుకొనును. దాని ప్రభావముచే ఆపై తూము. ఇట్లు గట్టు పొడవునను ఒక్కొక్క తూమే తెరచుకొనుచు పోవుటయే వార్త. వెనుక మిగిలిన తూములు మూసికొని, పొటాసియము వెలికి వచ్చి, చోటు మఱల సర్దుకొనును. లోన చేరిన సోడియమును తోడిపోయుటకు పొరలోనే యేతములవంటివి గలవు. ఆ యేతమునకు కూలి యిచ్చు పదార్థమును ఏ.టి.పి. యందురు. దానిని 1929లో అమెరికా దేశపు హార్వర్డు విద్యాలయములో ఫిస్కెయను పండితునితో గూడి కనిపెట్టినవాడు మన తెలుగువాడు, భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మాట సందర్భమునకు కొంచెము వెలియే యైనను చెప్పక పోలేకపోతిని.

వార్త పోవు వేగమును కొలుచుట అసాధ్యమని పూర్వ పండితులు తలచిరి. జర్మనీ దేశీయుడు హెల్మ్‌హోల్ట్‌జ్ 1850లో కప్పకాలి నాడిలో దానిని కొలిచి, సెకనుకు ముప్పది మీటర్లకు లోపేయని తేల్చినప్పుడు అందఱు నాశ్చర్యపడిరి. మనుష్యునిలో కొన్ని లావుపాటి తంతువులు సెకనుకు 100 మీటర్లకు పైగా కొనిపోవును. వానిపై కొవ్వుపొర చుట్టియుండుటయే యిందులకు కారణము. పొరలేని సన్నని తంతువులలో వేగము సెకనుకు మీటరు మాత్రమే. దీనిని పరీక్షించుటకు యంత్ర మక్కఱలేదు. గడపకు కాలివ్రేలు కొట్టుకొన్నప్పుడు మొదట చుఱుక్కుమనును. ఒకటి రెండు లిప్తలకు మంటతో గూడిన సలుపు వచ్చును. చుఱుకు వేగపు తంతువుపై వచ్చినది; సలుపు నెమ్మది తంతువుపై నడచివచ్చినది.

ఇక ముల్లు సంగతి. వార్త వెన్నుపామునకు చేరగనే, మెదడు నడుగక, అక్కడనే నడిమి కణములు అందుకొని, కాలి కండకు లేవుమని యాజ్ఞ యిచ్చును. అంతియే కాదు. అదే క్షణమున రెండవ కాలు బిగిసి మేనిబరువు మోయుమని దానికిని ఆజ్ఞ పోవును. లేనిచో ముల్లు దిగినవాడు ప్రతిసారియు బురదలో పడియుండును గదా. మెదడునకు తెలియుట ఆ వెనుకటి మాట. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు తాలూకా కచేరీకి అర్జీ వ్రాసి, ఉత్తరువు వచ్చిన పిమ్మట నీళ్లు పోయుదుమా? వెన్నుపాము చేయు పనియు నట్టిదే.

నాడి కండను చేరుచోట చిన్న సందు గలదు. తంతువు కండను అంటియుండదు. వార్త అక్కడికి రాగనే తంతువు కొన ఒక రసమును విడుచును. అది సందు దాటి కండను తాకిన కండ ముడుచుకొనును. వెంటనే మఱియొక పదార్థము ఆ రసమును తుడిచివేయును. చెరకును వరియు పండించు మనకు ఈ సందు మిక్కిలి ముఖ్యము. కట్లపాము విషము పనిచేయునది అక్కడనే. దాని కాటునకు నొప్పి తక్కువ, వాపు ఉండకపోవచ్చును. రాత్రి నేలపై పండుకొన్నవాడు ఏదో చీమ కుట్టెనని మఱల నిద్రపోవును. తెల్లవాఱుసరికి కనుఱెప్పలు వ్రాలును, మాట తడబడును, పిదప ఊపిరాడు కండలు నిలిచిపోవును. మెదడు ఆజ్ఞ యిచ్చుచునే యుండును, సందు దాటదు. పురుగుమందులలో కొన్ని దీనికి విపరీతము. అవి రసమును తుడుచు పదార్థమును పాడుచేయును. రసము మిగిలి, చొంగ కారి, కనుపాపలు చిన్నవై, కండలు అదరి అదరి తుదకు సోలిపోవును. ఈ రెంటికిని మంత్రగాని యొద్ద మందు లేదు. విషవిరుగుడు మందు, ఊపిరి నిలుపు యంత్రము గల ఆసుపత్రి యొద్దనే కలదు.

ఇప్పుడు నొప్పిని గూర్చి. నొప్పి లేకున్న ఎంత హాయి యని తలంపని వారుండరు. నా చిన్ననాట మా వైపు చెరకు గానుగలు ఆడు దినములలో, బెల్లము వండు నొకతడు పాకము చూచుటకు పెనము అంచును ఉత్తచేతితో పట్టుకొనుచుండెను. ఒకరు చేయి వెనుకకు లాగుకొనునట్టి వేడికి అతడు కదలడు. వానిది ఉక్కుచేయి యని పెద్దలు మెచ్చుకొనిరి; పిల్లలము మేమును నోళ్లు తెరచి చూచితిమి. రెండు మూడేండ్లకు అతని ఉంగరపువ్రేలు, చిటికెనవ్రేలు లోనికి వంగిపోయెను. అరచేతిలో పుండ్లు పడెను. అప్పుడు మెచ్చినవారే అతనికి దూరమునుండి నీళ్లు పోసిరి. అతడు కొన్నాళ్లు పశువుల కొట్టములో పండుకొని, యొకనాడు ఊరు విడిచి పోయెను. అతనిది ఉక్కుచేయి కాదు. వార్త తెగిన చేయి. పెద్దరోగమని మనవారు మెల్లగా పలుకు కుష్ఠురోగము మొదట నాడుల రోగము. చర్మమున అది కన్పించును గాని, కాపురముండునది నాడిలోనే.

ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. శాపము గాని, పూర్వజన్మ ఫలము గాని, తల్లిదండ్రులనుండి వచ్చు వంశరోగము గాని కాదని అప్పటితో తేలినది. ఆ జీవి మిక్కిలి మందగొండి. ఒకటి రెండగుటకు ఇంచుమించు రెండు వారములు పట్టును. తక్కిన సూక్ష్మజీవులలో పెక్కింటికి ఒక గడియ చాలును. అందుచేత రోగము సోకిన పిమ్మట బయటపడుటకు ఐదేండ్లు పట్టవచ్చును, ఒక్కొక్కప్పుడు ఇరువదేండ్లును పట్టవచ్చును. ముక్కునుండి నోటినుండి వెలువడు తుంపరలచే, చాలకాలము కలిసి మెలిసి యున్నవారికి, అదియు వైద్యము పొందని రోగినుండి సోకును. నూటికి తొంబదిమందికి పైగా పుట్టుకతోనే దీనిని తట్టుకొను శక్తి కలవారు. కరచాలనము చేసిన మాత్రమున సోకునట్టి రోగము గాదు.

ఆ జీవికి చల్లని చోటు ఇష్టము. అందుచే మేనిలోపలి నాడులను విడిచి చర్మమునకు దగ్గఱగా పోవు నాడులను పట్టును. తంతువుపై కొవ్వుపొర అల్లు కణములుండునని చెప్పితిని గదా. వానిలో దూరి పెరుగును. దానిని ఎదిరించుటకు శరీరము చేయు యుద్ధములో నాడి వాచి, బిగిసి, తంతువులు నలుగును. వేడి చల్లన తెలుపు తంతువులు ముందుగా పోవును, పిదప తాకుడు, నొప్పి. మోచేయి లోపలివైపు గోడకు తగిలినప్పుడు చిటికెనవ్రేలి వఱకు కరెంటు కొట్టినట్లు జివ్వుమనును గదా. అక్కడ ఎముకపై చర్మము క్రిందనే పోవు నాడి చెడినచో ఆ రెండు వ్రేళ్లు వంగును. మోకాలి క్రింద వెలుపలివైపు తగులు నాడి చెడినచో పాదము వ్రాలి, నడచునప్పుడు చెప్పు జాఱిపోవును. ముఖపు నాడి చెడిన కనుఱెప్ప మూయబడదు. దుమ్ము పడినను కన్ను తానై మూసికొనదు.

వ్రేళ్లు ఊడిపోవునని మనవారందురు. రోగము వ్రేళ్లను తినదు. నొప్పి తెలియనివాడు కాలుచున్న గిన్నె పట్టును, మేకు దిగిన చెప్పుతో దినమంతయు నడచును, చుట్ట వ్రేళ్ల నడుమ కాలి చర్మమంటుకొన్నను ఎఱుగడు; నిద్రలో ఎలుకలు కొఱికినను లేవడు. పుండు మానకమునుపే మఱియొక పుండు. చీము ఎముకకు దిగి, ముక్క ముక్కగా వ్రేలు తరుగును. ఈ సంగతిని 1940వ దశకపు చివరను వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పనిచేసిన పాల్ బ్రాండను శస్త్రవైద్యుడు రోగుల చేతులను దినదినము పరీక్షించి స్థాపించెను. చెడని కండ స్నాయువును తెచ్చి చెడిన వ్రేలికి కట్టి, వంగిన చేతిని మఱల తెరచుకొనునట్లు చేసెను. నొప్పి భగవంతుడు మనకిచ్చిన కావలివాడని తెలియుటకు కావలివాడు లేని యింటిని చూడవలసి వచ్చినది.

డిచ్‌పల్లి యనగా నేడు పలువురకు ఖిల్లా రామాలయము, తెలంగాణ విశ్వవిద్యాలయము జ్ఞప్తికి వచ్చును. నూరేండ్ల క్రిందట ఆ పేరు దేశాంతరములలో వినబడినది వేఱు కారణమున. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ 1907లో భర్త జార్జి కెర్రుతో గూడ మన దేశమునకు వచ్చి, నిజామాబాదులో వైద్యము చేయుచుండగా, ఊళ్లనుండి వెళ్లగొట్టబడిన కుష్ఠురోగులు ఆమె వాకిట చేరసాగిరి. 1911లో వారికొఱకు నిజామాబాదులో చిన్న నెలవు ఏర్పరచిరి. అది చాలకపోయెను. అప్పుడు చేయూతనిచ్చిన దాత మన జిల్లావాడే, రాజా నర్సాగౌడు. ఆయన ధనసహాయముతో 1915లో డిచ్‌పల్లి యొద్ద విక్టోరియా ఆసుపత్రి వెలసినది. పరదేశపు వైద్యురాలిని పొగడునప్పుడు మనవారు ఈ గౌడుగారి పేరు మఱచుట నాకు నచ్చదు.

అప్పటి మందు చాల్ముగ్రా గింజల నూనె. మన వైద్యులు పూర్వమునుండియు ఎఱిగినదే. త్రాగిన కడుపు త్రిప్పును, వాంతియగును. దానిని సూదిద్వారా ఎక్కించు పద్ధతిని డిచ్‌పల్లిలో నడపిరి. బాధాకరమైన వైద్యమే. కొందఱికి మేలు కలిగినది, కొందఱికి లేదు. అయినను, రోగిని ఒకచోట పడవేసి అన్నము పెట్టుట కాదు, వైద్యము చేసి ఇంటికి పంపవలెనను తలంపుతో ఆ ఆసుపత్రి నడచినది. 1923లో ఆమెకు కైసరె హింద్ పతకము వచ్చెను. 1932లో ఆమె కన్నుమూసెను. ఆ పిమ్మట 1940వ దశకములో డాప్సోను జాతి మందులు వచ్చినవి. వానికి సూక్ష్మజీవి అలవాటుపడి లొంగకపోవుట చూచి, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ రెండు మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతిని ప్రకటించెను. నేడు జరుగుచున్నది అదియే. మచ్చలు 5 వఱకున్న 6 నెలలు, అంతకు మించిన 12 నెలలు మాత్రలు మ్రింగవలెను. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో అవి ఉచితము. రిఫాంపిసిను మాత్ర వేసికొన్న దినమున మూత్రము ఎఱ్ఱబాఱును. క్లోఫాజిమినువలన మేను నల్లబాఱును. దీనికి బెదరి మానివేయువారు పలువురు. అది మందు రంగే కాని నెత్తురు కాదు. నలుపు మందు ముగిసిన కొన్ని నెలలకు తగ్గును. మందు మొదలిడిన కొన్ని దినములకే రోగి ఇతరులకు అంటించు శక్తిని కోల్పోవును. ఇంటినుండి వెడలగొట్టుటకు శాస్త్రమున ఇసుమంతయు కారణము లేదు. ప్రభుత్వమువారును రోగులను నిర్బంధించు 1898 నాటి చట్టమును 2016లో రద్దుచేసిరి. కుష్ఠురోగము విడాకులకు కారణమను నిబంధనను 2019లో తొలగించిరి.

ఒక సంగతి నొక్కి చెప్పవలసియున్నది. మందు సూక్ష్మజీవిని చంపును గాని, చచ్చిన నాడిని బ్రతికింపదు. చేతి నాడి తెగిన, అదృష్టము బాగుండిన, దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున మఱల పెరుగును. కుష్ఠుచే లోలోపల నలిగి మచ్చకట్టిన నాడికి ఆ భాగ్యము అరుదు. మందు తినుచుండగా మోచేయి నాడి వాచి సలిపినను, వ్రేలి పట్టు తగ్గినను మందు మానరాదు; వెంటనే వైద్యునికి చూపవలెను. నాడి వాపును తగ్గించు మాత్రలు వేఱుగ గలవు. ఆఱు నెలలలోపల ఇచ్చిన పోయిన బలము చాలమందికి తిరిగి వచ్చును. ఏడాది దాటిన ఆశ సన్నము. 2005 చివరకు మన దేశమున పదివేల జనాభాకు ఒక్క రోగికంటె తక్కువ యయ్యెనని ప్రకటించిరి. దానిని విని రోగమే లేదని పలువురు తలచిరి, చూచువారు తగ్గిరి. రోగము మాత్రము పోలేదు. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను చెరకు పెంచు ఊళ్లలోనికి కోతకూలీలు ఇతర తావులనుండి వచ్చుచునే యుందురు. అట్టివారి మేనిని చూచువా రెవరు?

మచ్చను పరీక్షించుట ఇంటిలోనే చేయవచ్చును. చర్మముకంటె తెల్లగానో ఎఱ్ఱగానో ఉండి, దురద లేక, చెమట పట్టక, వెండ్రుకలు రాలిన మచ్చ యేదైన నున్నచో అనుమానింపవలెను. వానిని ఎదుట కూర్చుండబెట్టి, ఏమి చేయబోవుదుమో ముందు చూపి, కన్నులు మూయించి, కలము కొనతో మెల్లగా మచ్చపైనను, మచ్చలేని చోటను తాకి, తాకినచోట వ్రేలు పెట్టుమనవలెను. మచ్చలేని చోట సరిగా పెట్టి, మచ్చమీద తాకినది తెలియకున్న, అది నాడి వార్త తెగిన చోటు. గజ్జిమచ్చకు గాని, శోభికి గాని, బొల్లికి గాని ఈ లక్షణ ముండదు. ఊరి ఆశా కార్యకర్తకు చెప్పిన చాలును, తక్కినది ఆమె చూచుకొనును. ఇంతకు పట్టు కాలము అయిదు నిమిషములు.

ఆ బెల్లము వండిన మనిషికి ఈ పరీక్ష యెవరును చేయలేదు. అతని మోచేతి పైభాగమున, అరచేతి వెడల్పున, వెండ్రుక లేని యెఱ్ఱమచ్చ యొకటి యుండెడిది. పొయ్యి సెగకు కందినదని మేమనుకొంటిమి.